బాగుపడినవాని చేతికి పని

వాక్యభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము, 1 నుండి 20 వచనములు



గెరాసేనుల దేశములో సమాధుల మధ్య తిరిగిన మనుష్యుని సంగతి మనమందరము ఎరుగుదుము. ఊరివారు వానిని గొలుసులతో కట్టి చూచిరి. వారికి తెలిసిన వైద్యము అంతే. అయితే ప్రభువు వానిని బాగుచేసిన తరువాతి సంగతిని మనము తరచుగా దాటిపోవుదుము. వాడు బట్టలు కట్టుకొని, మనస్సు కుదుటపడి, నెమ్మదిగా కూర్చుండుట చూచి ఊరివారు సంతోషింపలేదు, భయపడిరి. ఏలయనగా వాడు ఇక ఇంటికి రావలసినవాడు.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. మనోవ్యాధి అంతయు దయ్యము పట్టుట కాదు. అది దేహమునకు వచ్చు రోగమువంటి రోగమే. దానికి వైద్యుడు, మందు కావలెను. ఈ రోగులలో ఎక్కువమంది ఎవరికిని హాని చేయరు. బహు కొద్దిమంది మాత్రము, తాము చేయుచున్నదేమో తెలియని స్థితిలో, ఘోరమైన పని చేయుదురు. అట్టివానిది నేరము కాదని 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షనును అదే చెప్పుచున్నది. అయినను కోర్టువారు వానిని ఊరకే విడిచిపెట్టరు. భద్రమైన స్థలమున ఉంచుదురు. లేక బంధువుగాని స్నేహితుడుగాని పూచీపడినయెడల వారికి అప్పగింతురు.

ఇట్టివారిని ఉంచు ఆసుపత్రులలో వైద్యులు, నర్సులతోపాటు ఆక్యుపేషనల్ థెరపిస్టు అనువారు కొన్నిచోట్ల పనిచేయుదురు. పనుల ద్వారా రోగిని మరల నిలువబెట్టుట వారి వృత్తి. మన దేశములో ఈ విద్యకు మొదటి పాఠశాలను 1950లో బొంబాయిలో కమలా నింబ్‌కర్ గారు స్థాపించిరి. వైద్యుడు “నీ రోగమేమి?” అని అడుగును, న్యాయాధిపతి “నీవు చేసినదేమి?” అని అడుగును. వీరైతే “ప్రొద్దున లేచినది మొదలు పండుకొనువరకు నీవు ఏమేమి చేసికొనగలవు?” అని అడుగుదురు. సంవత్సరముల తరబడి తాళముల వెనుక నుండి, ఒకరు పెట్టినది తిన్నవాడు పొయ్యి వెలిగించుట మరచును. అంగడిలో చిల్లర లెక్కించుట మరచును. స్నానము, బట్టలుతుకుట, వంట, తోటపని, వడ్రంగము, ఒక్కొక్కటిగా వారు వానికి మరల నేర్పుదురు.

అయితే కన్నులు మూసికొని నేర్పరు. కత్తిని, సుత్తిని, ఉలిని పనికి ముందు లెక్కించి ఇత్తురు. పని ముగిసిన వెంటనే మరల లెక్కింతురు. ఒక్కటి తగ్గినను అది దొరకువరకు ఎవరును గది దాటరాదు. మొదట ఒకరు ప్రక్కన నిలిచియుండగా వంట, తరువాత తోట, తరువాత తోడుతో అంగడికి, వైద్యులు, అధికారులు సమ్మతించిన పిమ్మట ఒంటరిగా. కొంచెములో నమ్మకముగా ఉన్నవానికి మరికొంచెము అప్పగించుట ప్రభువు నేర్పిన పద్ధతియే గదా!

ఈ వృత్తికి పేరు రాకమునుపే ఇంగ్లండులో ఒక సంగతి జరిగెను. విలియం మైనర్ అను అమెరికా సైనిక వైద్యుడు 1872లో మతిభ్రమలో, పనికి పోవుచున్న జార్జి మెర్రెట్ అను కూలివానిని లండనులో కాల్చి చంపెను. న్యాయస్థానము ఆయనను 1863లో తెరవబడిన బ్రాడ్‌మూర్ ఆసుపత్రికి పంపెను. అచ్చటనుండియే ఆయన ఆక్స్‌ఫర్డు ఇంగ్లీషు నిఘంటువునకు పాత గ్రంథములలోని వాక్యములను వేలకొలది ఏరి పంపెను. చనిపోయినవాని భార్య ఎలైజా సహా వచ్చి ఆయనను చూచెను. పని ఆయన రోగమును తీసివేయలేదు. ఆయన 1920లో చనిపోవువరకు అది ఆయనను వదలలేదు. పని మందునకు బదులు కాదు. కాని ఆయన చేసిన ఒక్క ఘోరము ఆయన బ్రదుకంతయు కాకుండ అది ఆపెను.

ప్రియులారా, మా తప్పిదమును ఒప్పుకొనుచున్నాము. మా సంఘమువాడొకడు ఇట్లే చాల ఏండ్లకు తిరిగివచ్చెను. మేము వానికొరకు ప్రార్థన చేసితిమి, చేతులుంచితిమి, అన్నము పెట్టితిమి. కాని కోతకాలమున వాని చేతికి ఎవరును కొడవలి ఇయ్యలేదు. మేమును ఇమ్మని చెప్పలేదు. ఊరంతయు చేనిలో నుండగా వాడు గుడి అరుగుమీద కూర్చుండి చేతులు చూచుకొనుచుండెను. ఒకనాడు, “అయ్యగారూ, నాకు బాగైనదని మీరు నమ్ముచున్నారా?” అని అడిగెను. మాకు మాట రాలేదు. మరుసటి దినమున గుడి తోటకు నీళ్లుపోయు పని వానికి అప్పగించి, మేమును వానితో కూడ బిందె పట్టుకొంటిమి. ఆ సంక్రాంతికి ముందు ఒక పెద్ద తన గట్టుమీద వాని చేతికి కొడవలి ఇచ్చి, తాను ప్రక్కవరుసలో కోసెను.

కుదుటపడినవాడు ప్రభువుతో కూడ రాగోరెను. ప్రభువు వానిని ఇంటికి పంపెను. వైద్యుడు మందిచ్చును; థెరపిస్టు పని నేర్పును; ఇంటి తలుపు తీయవలసినవారము మనమే. మందు తప్పకుండ వేయించుడి, వైద్యునియొద్దకు తోడుపొండి, రోగము తిరుగబెట్టు గురుతులు కనిపించినయెడల ఆలస్యము చేయకుడి. అటు పిమ్మట వాని చేతికి తగిన పనియొకటి ఇయ్యుడి.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఊరివారు గొలుసుల దినములలోకంటె వాడు బాగుపడిన దినమున భయపడుటకు కారణమేమి?
2. వాడు ఇంటికి పోయినప్పుడు వాని ఇంటివారు మొదట ఏ పని అప్పగించియుందురు?
3. మన ఊరిలో ప్రార్థన మాత్రమే పొంది, పని పొందనివారు ఎవరు?