వంటపొయ్యి: ఋతువులను బట్టి దాని సంరక్షణము

రైతు తన నాగలికఱ్ఱు అరిగినచో కమ్మరి కొలిమికి గొనిపోవును. కాలువగట్టు గండిపడినదని తెలిసినచో అర్ధరాత్రమైనను పార భుజమున వేసికొని పరుగెత్తును. కాని దినమునకు రెండుమూడు మారులు ఇంటిల్లిపాదికిని అన్నము పెట్టు పొయ్యిని గుఱించి విచారించు రైతు మిక్కిలి అరుదు. అది ఆడువారి పని యని యూరకుండును. ఆడువారు దానిని అలుకుదురు, ముగ్గు పెట్టుదురు. గోడకు కన్నము వేయుట, పొగగొట్టము నిలుపుట, ఇంటి కప్పెక్కి మసి దులుపుట మాత్రము మగవారి చేతిపనులే. ఈ పనులు జరుగకపోవుటచేతనే మన వంటయిండ్ల వాసములు నల్లబడుచున్నవి. వానికంటె ముందుగా ఆ యింటి ఇల్లాలి కండ్లును ఊపిరితిత్తులును చెడుచున్నవి.

“ఇంటింటికిని గ్యాసు వచ్చినది గదా, కట్టెపొయ్యి మాట ఇప్పుడేల?” యని కొందఱు సభ్యులు అడుగవచ్చును. నిజమే. 1999 లో మన రాష్ట్రమున దీపము పథకమును, 2016 మే నెల 1వ తేదీన దేశమంతటికి ఉజ్జ్వల పథకమును ఆరంభమై పేద యిండ్లకు సిలిండరు చేరినది. 2024 నవంబరున మఱల దీపము పేరనే ఏటికి మూడు సిలిండరులు ఉచితముగా నిచ్చు ఏర్పాటు ఆరంభింపబడినది. అయినను ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ దారిని పోవుచు ఏ పెరటిలోనికైనను తొంగిచూడుడు. స్నానపు నీళ్లకాగు క్రింద, గేదెల దాణా ఉడుకు బాన క్రింద, పెండ్లికో పేరంటమునకో పెట్టిన గాడిపొయ్యిలో, కట్టెయే మండుచున్నది. సిలిండరు ముగిసి చేతిలో డబ్బు లేని వారమున అన్నము కూడ అక్కడనే ఉడుకును. కావున ఈ రెండు పొయ్యిల సంగతియు తెలిసికొనుట అవసరము.

పొగవలని కీడు కండ్లు మండుటతో ముగియునది కాదు. కట్టెలు, పిడకలు, బొగ్గు, కిరసనాయిలు మొదలగువాని పొగచేత ఇండ్లలోని గాలి చెడి, 2020 వ సంవత్సరమున ప్రపంచమున ఇంచుమించు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. అందులో అయిదేండ్లలోపు పసివారు 2 లక్షల 37 వేలకు పైగా నున్నారు. తల్లి చంకనెక్కి పొయ్యివద్ద కూర్చుండు బిడ్డకు న్యుమోనియా వచ్చినపుడు మనము చలిగాలి తగిలినదందుము, దిష్టి తగిలినదందుము. పొగ తగిలినదని యనము. ముసలితనమున ఆయాసపడు అవ్వ చుట్ట త్రాగకపోయినను నలుబదియేండ్లు పొగ పీల్చినదే. మా అమ్మమ్మ ఊదుగొట్టము ప్రక్కన పెట్టి కొంగుతో కండ్లు తుడుచుకొనుట నాకింకను జ్ఞాపకమున్నది. అది వంటకు సహజమైన అంగమని ఆనాడు మేమందఱము తలంచితిమి.

అసలు పొగ యేల పుట్టుచున్నది? కట్టె పూర్తిగా మండినచో పొగ యుండదు. కట్టె తడిగా నున్నను, క్రింది నుండి గాలి చాలకున్నను, గూడునిండ కట్టెలు క్రుక్కినను, మండవలసిన వాయువులు మండకయే పైకి పోవును. అదియే పొగ. అనగా పొగయై పోవునది మనము కొట్టి, మోసి, ఎండబెట్టిన కట్టెలోని భాగమే. మూడురాళ్ల పొయ్యిలో కట్టె వేడిమియందు నూటికి పదివంతులకు అటునిటుగా మాత్రమే గిన్నెకు చేరును, తక్కినది గాలిపాలు. పచ్చికట్టె తూకమున ఇంచుమించు సగము నీరే యుండును. పచ్చి సరుగుడును గాని తుమ్మను గాని తూకమునకు కొనువాడు సగము డబ్బు నీటికి చెల్లించి, ఆ నీటిని ఆవిరిచేయుటకు మఱల కొంత కట్టెను తగులబెట్టుచున్నాడన్నమాట. చేవకట్టెను నిలువున చీల్చి, గాలియాడునట్లు అడ్డదిడ్డముగా పేర్చి, ఒక వేసవి ఎండనిచ్చినచో ఈ నష్టము చాలవఱకు తప్పును.

పొగలేని పొయ్యి మన దేశమునకు క్రొత్త కాదు. 1934 లో స్థాపింపబడి కుమారప్పగారి నిర్వహణమున నడచిన అఖిలభారత గ్రామోద్యోగ సంఘము వార్ధాలోని మగన్‌వాడిలో నుండెడిది. అక్కడినుండి వచ్చిన మట్టిపొయ్యికి మగన్ చూలా యని పేరు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలలో పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజుగారు కోట్లాది జనులకు పొగలేని వంటయిల్లు కావలెనని 1953 లో ఒక చిన్నపుస్తకమే ప్రకటించిరి. ఈ పొయ్యిలన్నిటి సూత్రమొక్కటే: ఒక గూటిలో మంట, దానినుండి లోపలనే సొరంగము, సొరంగముపై ఒకటిరెండు కన్నములలో మఱికొన్ని పాత్రలు, చివరను గొట్టము. మంట మొదటి పాత్రను కాచి, మిగిలిన వేడి రెండవదానిని కాచి, పొగ ఇంటి వెలుపలికి పోవును.

పిమ్మట 1980 దశకమున కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల కార్యక్రమమును పెద్దయెత్తున చేపట్టినది. 2002 లో అది ముగియునప్పటికి దేశమున మూడుకోట్లకు మించి పొయ్యిలు పెట్టించినట్లు లెక్కలున్నవి. వానిలో పెక్కు రెండుమూడేండ్లలోనే మూలబడినవి. ఇందుకు కారణము విచారింపదగినది. సొరంగమున బూడిద నిండినది. గొట్టమున మసి పేరుకొన్నది. కన్నము పెద్దది, గిన్నె చిన్నది. పొగ మఱల ఇంటిలోనికే తిరిగినది. ఇల్లాలు విసిగి కన్నములు మూసివేసి, ప్రక్కన మూడురాళ్లు పెట్టుకొన్నది. తప్పు పొయ్యిది కాదు, ఆమెదియు కాదు. పొయ్యి కట్టినవారు దానిని ఎప్పుడు ఎట్లు శుభ్రపఱపవలయునో చెప్పలేదు. చెప్పినచోట్ల ఇంటిలో వినినవాడు లేడు.

ఇక మన ప్రాంతపు పనికి వత్తము. కాలువలు కట్టివేసి, దాళ్వా కోతలును మినుము నూర్పిడియు ముగిసిన చైత్ర వైశాఖములు పొయ్యి మరమ్మతునకు తగిన కాలము. మట్టి త్వరగా ఆఱును, మనుష్యులకు తీరికయు నుండును. డెల్టాలోని నల్లమట్టి పొయ్యికి పనికిరాదు. తడిసినపుడు ఉబ్బి, ఆఱినపుడు బీటలిచ్చును. పుట్టమన్ను శ్రేష్ఠము. అది దొరకనిచోట నల్లమట్టిలో ఇసుకయు, ఊకయు, సన్నగా తఱిగిన గడ్డియు, పేడయు దండిగా కలిపి, రెండుదినములు నాననిచ్చి త్రొక్కవలెను. గూటి అడుగున రెండంగుళముల ఎత్తున ఇనుపచువ్వల జల్లెడ అమర్చినచో బూడిద క్రిందికి రాలి, గాలి క్రిందినుండి వచ్చును. ఊదుగొట్టముతో పని తగ్గును. మంటకొన పాత్ర అడుగును తాకునట్లు గూటి లోతుండవలెను. కన్నము మీరు నిత్యము వాడు గిన్నెకు సరిపోవలెను గాని మేస్త్రి తెచ్చిన కొలతకు కాదు. పొయ్యి మెత్తుటకు ముందు ఆ గిన్నెను తెచ్చి పెట్టి చూచుకొనుడు.

గొట్టము లోపలి వ్యాసము నాలుగంగుళములుండి, కప్పుకొన కంటె రెండడుగులు పైకి లేచి, వాన పడకుండ పైన టోపీ యుండవలెను. కాల్చిన మట్టిగొట్టము మేలు. ఆస్‌బెస్టాస్ రేకుగొట్టమును కోయునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు విషము, కావున దానిని మానుడు. తాటాకు, గడ్డి కప్పులలో గుండ గొట్టమును ఎన్నడును పోనీయరాదు. గోడలోనుండి వెలుపలికి త్రిప్పి, చూరునకు దూరముగా పైకి లేపవలెను. గొట్టమునకు క్రింద ఒక మూత యుంచినచో నెలకొకమారు మసి తీయుట సులువు. త్రాటికి గోనెముక్కను గాని కొబ్బరిపీచును గాని ముడివైచి పైనుండి క్రిందికి లాగినచో అరగడియ పని. ఈ పని మానినచో మసియు కీలును గట్టిపడి ఒకనాడు గొట్టములోపలనే నిప్పంటుకొనవచ్చును.

వంటయిల్లు ఆగ్నేయమూల నుండవలెనని మన పెద్దల నియమము. పడమటిగాలి వీచు కాలమున అది చక్కని యేర్పాటే; పొగ ఇంటిమీదికి రాక తూర్పునకు పోవును. కార్తికమున గాలి తిరిగి తూర్పునుండి వీచునప్పుడు అదే పొగ నట్టింటిలోనికి వచ్చును. తూర్పు కిటికీకి ఆ రెండు నెలలు తడిక కట్టి, చూరుక్రింద పడమటివైపు గోడకు మూరెడు వెడల్పున గవాక్షము తెఱచియుంచినచో ఉపశమనము కలుగును. గొట్టము పెట్టలేని పేదయింటికిని ఈ గవాక్షమొక్కటియే గొప్ప మేలు చేయును.

వేసవి మరమ్మతునకు మంచిదైనను నిప్పునకు మిక్కిలి చెడ్డది. బెజవాడలో ఎండ 45 డిగ్రీలు దాటిన దినములలో పూరియిండ్ల వాడలో ఒక్క నిప్పురవ్వ చాలును. పడమటిగాలి లేచుటకు ముందే, ప్రొద్దుననే వంట ముగించుకొనుడు. ఎండుగడ్డిని పొయ్యిలో వేయకుడు. దాని రవ్వలు ఎగిరిపోవును. పొయ్యి ప్రక్కన రెండు కడవల నీళ్లును ఒక తట్టెడు ఇసుకయు ఎల్లప్పుడు నుండవలెను.

వానకాలమునకు ముందు రెండునెలలకు సరిపడు పొడికట్టెను అటుకపైకి చేర్చుకొనుడు. తుపానుల సంగతి దివిసీమవారికి చెప్పనక్కఱలేదు; 1977 నవంబరు 19 ని వారు మఱవలేరు. తడికట్టె అంటుకొనుటలేదని పాలిథీను సంచులు, టైరుముక్కలు వేయుట ఇప్పుడు పల్లెలలో వాడుకయైనది. ఆ పొగ కట్టెపొగకంటె ఎన్నోరెట్లు హానికరము. గన్నేరు కొమ్మలును, పురుగుమందుల అట్టపెట్టెలును పొయ్యిలో పెట్టరాదు.

నీళ్లు కాచుటకును దాణా ఉడికించుటకును ఊకపొయ్యి చాల చవుక. 75 కిలోల ధాన్యపుబస్తాను ఆడించినచో ఇంచుమించు 15 కిలోల ఊక వచ్చును. రేకుడబ్బాలో నడుమ రోకలి నిలిపి, చుట్టును ఊకను గట్టిగా కూరి, రోకలిని మెల్లగా తీసి, క్రిందికన్నమున నిప్పు పెట్టినచో ఊదనక్కఱలేకుండ చాలసేపు మండును. ఆరంభమున పొగ దట్టముగా వచ్చును గనుక ఆరుబయటనే వెలిగింపుడు.

పుష్యమాసపు చలిలో జరుగు ఒక ఆచారమును గుఱించి గట్టిగా చెప్పక తప్పదు. బాలింతకును బిడ్డకును చలి తగులునని గదిలో కుంపటి పెట్టి, తలుపులు, కిటికీలు బిగించి, సందులలో గుడ్డలు క్రుక్కుదురు. ఎఱ్ఱగా కాలు బొగ్గునకు పొగ లేదు గనుక హాని లేదని తలంతురు. ఇది పొరపాటు. గాలి చాలక కాలు బొగ్గునుండి కార్బను మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. మొదట తలనొప్పి, వికారము, పిమ్మట మగత, ఆ మగతలోనే ప్రాణము పోవును. నిద్రించువారికి తెలియనే తెలియదు. కుంపటిని వెలుపలనే యుంచుడు. బిడ్డను తల్లి ఱొమ్మునకు హత్తి, ఇద్దఱిపై దుప్పటి కప్పినచో అంతకంటె మంచి వెచ్చదనము లేదు. “మా కాలమున మేమందఱము కుంపటివద్దనే పెరిగితిమి గదా” యని పెద్దమ్మలు అందురు. ఆనాటి ఇండ్లకు తాటాకుకప్పు సందులు, తడికల సందులు నుండెను. గాలి దానంతట అది వచ్చెడిది. ఇప్పటి శ్లాబుగదులకు ఆ సందులు లేవు.

గ్యాసుపొయ్యి విషయమున మూడు మాటలు. సిలిండరును నిలువుగనే, పొయ్యికంటె క్రిందుగనే యుంచవలెను. రబ్బరుగొట్టమును అయిదేండ్లకు మార్చవలెను. ధాన్యము నిలువచేయు ఇండ్లలో ఎలుకలు కొఱుకును గనుక నెలకొకమారు సబ్బునురుగు పూసి చూడుడు, బుడగ లేచినచో రంధ్రమున్నదన్నమాట. ఈ వాయువు గాలికంటె బరువు; కారినచో నేలబారున నిలుచును. వాసన తగిలినచో విద్యుత్తు స్విచ్చి వేయను ఆర్పను రాదు; తలుపులు తెఱచి, రెగ్యులేటరు కట్టి, వెలుపలికి వచ్చి 1906 సంఖ్యకు ఫోను చేయుడు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి బెజవాడ సింగునగరు మునిగినట్లు వరద వచ్చుచోట్ల ఇంకొక సంగతి తెలియవలెను: నిండు సిలిండరైనను నీటిపై తేలును. నీరు ఇంటిలోనికి రాకమునుపే రెగ్యులేటరు తీసి, మూత బిగించి, సిలిండరును కిటికీచువ్వకు కట్టివేయుడు.

పిడకల మాట రైతునకు వేఱుగా చెప్పవలెను. పేడను కాల్చినచో అందలి నత్రజని యంతయు గాలిలో కలియును. పొలమునకు ఎరువుగా చేరదు. భోగినాటి పిడకలదండకు నేనడ్డు చెప్పను గాని, ఏడాది పొడుగున గోడలకు పిడకలు కొట్టి, ఆషాఢమున యూరియాకై అప్పు వ్రాయించుకొనుట లెక్కకు కుదరదు. కట్టెబూడిదలో పొటాషు నిలిచియుండును. దానిని వానకు తడియకుండ కుండలో దాచి అరటిపాదులకును కూరపాదులకును వేయుడు. యూరియాతోను, అమ్మోనియం సల్ఫేటుతోను మాత్రము కలుపరాదు. బూడిదలోని క్షారము తగిలి అమ్మోనియా ఎగిరిపోవును. రెంటికిని నడుమ పదిదినములు ఎడమున్న మంచిది. ఊకబూడిద చాలవఱకు ఇసుకవంటి సిలికా. దానిలో పొటాషు స్వల్పము. నల్లమట్టిని గుల్లచేయుటకు అది పనికివచ్చును, కాని చల్లునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.