మందు పేరుతో మద్యం: గర్భిణులకు ఒక హెచ్చరిక

ఒకవైపు పులికాట్ సరస్సు, మరొకవైపు బంగాళాఖాతం, నడుమ శ్రీహరికోట దీవి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలైతే ఈ తీరంలో జలుబు, దగ్గు సాధారణమే. ఈ ప్రాంతపు సోదరి ఒకరు ఇలా అడిగారు: "నాకు మూడో నెల. జలుబు వదలడం లేదు. వేడినీళ్ళలో చెంచాడు బ్రాందీ కలుపుకొని తాగమంటున్నారు. మందుగానే కదా, తాగవచ్చా?"

తాగకూడదమ్మా. మద్యం అపవిత్రమనీ, షైతాను చేష్ట అనీ దివ్య ఖుర్ఆన్ అల్‌మాయిదా సూరాలో స్పష్టంగా చెప్పింది. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా హరామేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. మద్యాన్ని మందుగా వాడతామన్న వ్యక్తితో, అది మందు కాదు, రోగమేనని కూడా ఆయన సెలవిచ్చారు. ప్రాణాపాయంలో, వేరే మార్గమే లేనప్పుడు వర్తించే మినహాయింపులను ధర్మవేత్తలు చర్చించారు. జలుబు ఆ కోవలోకి రాదు.

ఇక వైద్యులు ఏమంటున్నారో చూద్దాం. తల్లి తాగిన మద్యం ఆమె రక్తంలో కలిసి, మాయను దాటి, బొడ్డుతాడు ద్వారా బిడ్డను చేరుతుంది. దాన్ని విరిచివేసే శక్తి బిడ్డ లేత కాలేయానికి ఉండదు. ఫలితంగా గర్భస్రావం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు వంటి ముప్పులు పెరుగుతాయి. బిడ్డ మెదడు దెబ్బతినవచ్చు. తీవ్రమైన స్థితికి 1973లో అమెరికా వైద్యులు 'ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అలాంటి బిడ్డల్లో కళ్ళు చిన్నవిగా, పై పెదవి పల్చగా ఉంటాయి. ఎదుగుదల తగ్గుతుంది. చదువు, జ్ఞాపకశక్తి, నడవడిక జీవితాంతం ఇబ్బంది పెట్టవచ్చు. దీన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. గర్భంలో ఇంత మద్యమైతే ఫరవాలేదనే కొలత గానీ, ఈ నెలలో ఫరవాలేదనే గడువు గానీ లేదు. బ్రాందీ, కల్లు, బీరు అన్నీ ఒకటే.

అరబీలో 'ఖమ్ర్' అనే మాటకు మూలార్థం 'కప్పివేయడం'. పెద్దవారి బుద్ధిని కప్పివేసేది, ఇంకా రూపుదిద్దుకుంటున్న మెదడును ఏం చేస్తుందో ఆలోచించండి!

మన ఇళ్ళలో సీసా ఉండదని నిశ్చింతగా ఉండకండి. కొన్ని దగ్గు మందుల్లో, టానిక్కుల్లో ఆల్కహాల్ ఉంటుంది. ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి తయారుచేస్తారు కనుక వాటిలోనూ అది సహజంగా ఏర్పడుతుంది. లేబుల్ చదవండి, డాక్టరును అడగండి. అయితే డాక్టరు రాసిన మందును సొంతంగా మానకండి, మార్చి రాయమని కోరండి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. శ్రీహరికోట నేడు తిరుపతి జిల్లాలో ఉన్నా, అప్పుడు ఆ జిల్లాలోనిదే. సాక్షరతా తరగతుల్లో అక్షరం నేర్చిన ఆ తల్లుల పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న సారా నిషేధానికి దారితీసింది. వారు వీధిలోని సారాను ఎదిరించారు. మనం మందుల అరలోకి వచ్చే మద్యాన్ని ఆపలేమా?

తెలియక తాగిన సోదరి నిరాశ చెందనవసరం లేదు. ఈ రోజే మానేసి, దాచకుండా డాక్టరుకు చెప్పాలి. ఎప్పుడు మానినా బిడ్డకు మేలే. తౌబా ద్వారం తెరిచే ఉంది. అత్తలు, భర్తలు ఆమెను నిందించక తోడు నిలవాలి.

గర్భంలోని బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని భద్రంగా కాపాడుకునే భాగ్యాన్ని ఆయన మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.