మా బడికి ఆ పేరు ఎందుకుందంటే

1. బడి పేరు వెనకున్న మనిషి పిల్లలకు తెలియాలి.

గోదావరి ఒడ్డున మా ఊరి ప్రాథమిక పాఠశాలకు కందుకూరి వీరేశలింగం గారి పేరు పెట్టారు. నేను అక్షరాలు దిద్దిందీ, తర్వాత మేష్టారుగా పనిచేసిందీ అక్కడే. ఏటా ఆయన జయంతి నాడు, ఏప్రిల్ 16న, పంతులుగారి పటానికి దండ వేసి, చాక్లెట్లు పంచి, పిల్లల్ని పంపేసేవాళ్లం. "ఈ తాతగారు ఎవరండీ?" అని అడిగితే "గొప్ప సంఘసంస్కర్త" అనేవాళ్లం. రెండో తరగతి పిల్లకు ఆ మాట ఏం బోధపడుతుంది? "అప్పట్లో చాలా ఇళ్లలో నీలాంటి పిల్లల్ని బడికి పంపేవారు కాదమ్మా. ధవళేశ్వరంలో పంతులుగా ఉన్న ఈయన 1874లో ఆడపిల్లల కోసం అక్కడ బడి పెట్టారు" అని చెబితే ఇట్టే అర్థమయ్యేది.

2. బడి తెరవగానే సరిపోదు, ఊరినీ ఒప్పించాలి.

ఆ ఏడాదే ఆయన 'వివేకవర్ధని' పత్రిక మొదలుపెట్టారు. తలుపు తీసి కూర్చుంటే పిల్లలు రారని, పెద్దల మనసులు మారాలని ఆయనకు తెలుసు. మా రోజుల్లోనూ ఆడపిల్ల చదువు ఇంటి అరుగు మీదే తేలేది. వాన పడ్డా, నాట్లు పడ్డా, చంటి తమ్ముడికి జ్వరమొచ్చినా ముందు ఆగేది ఆ పిల్లే. సాయంత్రం పూట ఆ అరుగుల మీద కూర్చుని మాట్లాడిన మేష్టర్ల తరగతుల్లోనే బల్లలు నిండేవి.

3. పేరు పడనివాళ్ల శ్రమను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

1881 డిసెంబరులో రాజమండ్రిలో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించాక ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లివారికి వండిపెట్టారు. ఆ తల్లి పటం మా బడిలో ఎప్పుడూ లేదు. ఉండాల్సింది.

4. పెద్దవయసులోనూ మనసు మార్చుకోవచ్చు.

గ్రాంథిక భాషలో రాసి పేరు పొందిన పంతులుగారు, 1919లో గిడుగు రామమూర్తి గారితో కలిసి వాడుక భాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షులయ్యారు. ఆ మే నెలలోనే కన్నుమూశారు. అయినా ఆయన పేరున్న బడిలోనే, "మా మాయ్యొచ్చాడండి, ఎల్తానండి" అన్న పిల్లవాణ్ని మాట మధ్యలో ఆపి దిద్దేవాళ్లం. కొందరు ఆ తర్వాత నోరు విప్పడమే మానేశారు.

5. పాత రిజిస్టరును చిత్తు కాగితమనుకోకూడదు.

అడ్మిషన్ రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ వరుసగా ఉంటాయి. చిట్టచివర 'బడి విడిచిన కారణం' గడి. మగపిల్లల వరుసల్లో 'హైస్కూలులో చేరిక' అని కనిపిస్తుంది. ఆడపిల్లల దగ్గర 'ఇంటిపని', 'వివాహం', లేదంటే ఉత్త గీత. బడి అసలు చరిత్ర నాకు ఆ గడిలో కనిపించింది, శిలాఫలకం మీద కాదు. ఓ వేసవిలో సున్నాలు వేయడానికని రిజిస్టర్లను వరండాలో పడేశారు. వాన జల్లుకు తడిసి, చెద పట్టి, కొన్ని పోయాయి. దగ్గరుండి సర్దించి ఉండాల్సిందని ఇప్పటికీ బాధపడతాను.

మిగిలినవి బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు ఆ బడిలో మేష్టర్లుగా పనిచేస్తున్న పిల్లలారా, పేజీ పేజీ ఫోనులో ఫొటోలు తీయండి. గీత మాత్రమే ఉన్న ఆ పేర్లవాళ్లు కొందరు ఇంకా ఊళ్లోనే, మనవల్ని ఆడిస్తూ ఉన్నారు. వెళ్లి, ఎందుకు మానేశారో అడిగి రాసుకోండి.