గింజ కొనే ముందు చీటీ చదవాలి

రోహిణి కార్తె అయిపోవచ్చింది. ఇంకా వాన పడలేదు. రమణమ్మ ఇంటి వెనక ఒక సెంటు నేల ఉంది. ఆ నేలను పలుగుతో తవ్వింది. మాగిన పేడ ఎరువు చల్లింది. కోళ్ళు రాకుండా చుట్టూ కంప కట్టింది. ఇక గింజలు పెట్టడమే మిగిలింది.

కానీ గింజలంటేనే రమణమ్మకు భయం పట్టుకుంది. పోయిన ఏడాది జరిగింది ఆమె మరిచిపోలేదు.

పోయిన ఏడాది సంతలో ఒకాయన గోనె పట్టా మీద గింజలు కుప్పలు పోసి అమ్మాడు. గ్లాసుతో కొలిచి, పాత కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. చవగ్గా వచ్చాయని రమణమ్మ సంతోషపడింది. నలభై గుంటల్లో బెండ గింజలు పెట్టింది. లేచినవి పదకొండు మొక్కలు. బోరింగు ఇంటికి దూరం. అయినా రోజూ ఆరు బిందెలు మోసి ఆ పదకొండు మొక్కలకే పోసింది. నెల తిరిగేసరికి ఆకుల ఈనెలు పసుపు రంగుకు తిరిగాయి. తర్వాత ఆకంతా పసుపు అయింది. కాయలు పాలిపోయి, పీచు కట్టాయి. మొత్తం మీద ఒక్క పూట కూర అయింది.

గింజల డబ్బు పోతే ఎంత పోతుంది? పదో ఇరవయ్యో. తవ్విన కష్టం పోయింది. మోసిన నీళ్ళు పోయాయి. ఒక కారంతా పోయింది. ఆ నాలుగు నెలలూ కూరగాయలు కొనుక్కు తినాల్సి వచ్చింది. కొనలేని రోజు పచ్చడి మెతుకులే. పెద్ద కూతురికి రక్తం తక్కువగా ఉంది, ఆకుకూరలు బాగా పెట్టమని నర్సమ్మ చెప్పింది. తోటలో లేకపోతే, చేతిలో డబ్బు లేకపోతే ఏం పెడుతుంది?

ఈ ఏడాది ఒక తేడా ఉంది. రమణమ్మకు చదవడం వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు మాత్రం గబగబా చదివేస్తుంది.

విత్తనాల కొట్లో

రమణమ్మ, పక్కింటి మస్తాన్‌బీ కలిసి మండలంలోని విత్తనాల కొట్టుకు పోయారు. కొట్టాయన బెండ గింజల పొట్లం ఒకటి తీసి బల్ల మీద వేశాడు. పొట్లం మీద లేత బెండకాయల బొమ్మ నిగనిగలాడుతోంది.

"బలే ఉంది గదా!" అంది మస్తాన్‌బీ.

రమణమ్మ బొమ్మ చూడలేదు. పొట్లం తిరగేసింది. వెనక చిన్న అక్షరాలు ఉన్నాయి. వేలు పెట్టి చదివింది.

"అన్నా, దీని గడువు మూడో నెలతో అయిపోయింది. ఇప్పుడు ఆరో నెల."

కొట్టాయన నవ్వాడు. "గింజకు గడువేందమ్మా? ఇదేమన్నా మందు బిళ్ళా? భూమిలో పడితే అదే మొలుస్తుంది."

"మొలవకపోతే నీళ్ళు మోసేది నువ్వు కాదు గదన్నా!"

మస్తాన్‌బీ కిసుక్కున నవ్వింది. కొట్టాయన లోపలికి పోయి వేరే పొట్లం తెచ్చాడు.

గింజకు గడువు ఎందుకు? గింజ రాయి కాదు. దానిలో ప్రాణం ఉంది. అది నెమ్మదిగా శ్వాస తీసుకుంటూ ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ముసలిది అవుతుంది. తేమ, వేడి తగిలితే ఇంకా త్వరగా ముసలిది అవుతుంది. ఉల్లి గింజ ఏడాది దాటితే చాలావరకు మొలవదు. టమాట, సొర గింజలు పొడిగా దాస్తే మూడు నాలుగేళ్ళు కూడా ఉంటాయి. గడువు దాటిన గింజలన్నీ చచ్చినట్టు కాదు. కొన్ని మొలుస్తాయి. కానీ ఎన్ని మొలుస్తాయో చెప్పే పూచీ పోతుంది. పూచీ లేని సరుకుకు నిండు ధర ఎందుకు ఇవ్వాలి?

రెండో పొట్లం మీద ఇలా ఉంది. మీరూ చదవండి.

పంట: బెండ
రకం: అర్కా అనామిక
మొలక శాతం, కనీసం: 65
పరీక్ష చేసిన నెల: 3
గడువు తీరే నెల: 12
నికర బరువు: 10 గ్రాములు

వీటితోపాటు లాట్ నంబరు, కంపెనీ పేరు, చిరునామా, ధర కూడా ఉన్నాయి. వీటిలో చాలావాటిని రాయాలని 1966 విత్తనాల చట్టం కింద ఉన్న రూల్సు చెబుతున్నాయి. లూజు గింజల కుప్ప మీద ఇవేవీ ఉండవు. అడగడానికి మనిషి కూడా వచ్చే వారం అక్కడ ఉండకపోవచ్చు.

మొలక శాతం 65 అంటే? నూరు గింజలు వేస్తే కనీసం 65 మొలవాలి. బెండకు సర్కారు పెట్టిన కనీస హద్దు అదే. టమాటకు, వంగకు 70. మిరపకు, సొర, బీర, కాకర లాంటి పాదులకు 60. పొట్లం మీద అంతకంటే తక్కువ ఉంటే తీసుకోకూడదు.

చాలా పొట్లాల మీద ఇంగ్లీషే ఉంటుంది. దానికి బెదరనక్కర లేదు. నెల, సంవత్సరం, శాతం, ధర అన్నీ అంకెలే. పేర్లు చదవడానికి బడికి పోయే పిల్లను వెంట తీసుకుపోవచ్చు. కొట్టాయననే చదివి చెప్పమనవచ్చు.

చీటీ రంగు కూడా గుర్తే. సర్కారు సంస్థ పరీక్షించి సర్టిఫై చేసిన విత్తనానికి నీలం చీటీ ఉంటుంది. కూరగాయల చిన్న పొట్లాల్లో చాలావాటికి నీలం చీటీ ఉండదు. వాటికి కంపెనీయే తన పూచీ మీద వివరాలు రాస్తుంది.

మొలిస్తే చాలదు

పోయిన ఏడాది బెండ ఆకులు ఎందుకు పసుపు అయ్యాయి? దాన్ని పల్లాకు తెగులు అంటారు. తెల్లదోమ ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు దాన్ని మోస్తుంది. ఒకసారి వస్తే మందు కొట్టినా ఆ మొక్క బాగుపడదు. అందుకే ముందే తట్టుకునే రకం చూసుకోవాలి. పూసా సావని అనే పాత రకానికి ఈ తెగులు బాగా పడుతుంది. అర్కా అనామిక, పర్భనీ క్రాంతి దాన్ని తట్టుకోవాలని తయారు చేసిన రకాలు. అయితే ఏ రకమూ ఎల్లకాలం తట్టుకోదు. ఇప్పుడు తమ ప్రాంతంలో ఏది బాగుందో ఉద్యాన అధికారినో, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ళనో అడగడం మంచిది. బాగా కాపు వచ్చిన పక్క పెరటి ఆమెను అడిగినా తప్పు లేదు.

మస్తాన్‌బీ టమాట గింజలు తీసుకుంది. "హైబ్రిడ్ తీసుకోమ్మా, కాయ పెద్దది" అన్నాడు కొట్టాయన.

హైబ్రిడ్ అంటే రెండు రకాలను కలిపి తయారు చేసిన సంకర విత్తనం. కాపు బాగానే వస్తుంది. ధర ఎక్కువ. కానీ దాని కాయలోని గింజ తీసి మళ్ళీ వేస్తే అదే కాపు రాదు. ఒక మొక్కకు పెద్ద కాయ, ఒక మొక్కకు గోలీలంత కాయ వస్తాయి. ఏటా కొనాల్సిందే. పెరటి తోటకు గింజ దాచుకునే రకమే మేలు. టమాటలో పూసా రూబీ, వంగలో భాగ్యమతి, శ్యామల, గోరుచిక్కుడులో పూసా నవ్‌బహార్ అలాంటివి.

మస్తాన్‌బీ కాసేపు ఆలోచించి పూసా రూబీ అడిగింది.

పొట్లం తెరిస్తే కొన్నిసార్లు గింజలు గులాబీ రంగులో ఉంటాయి. అది అందానికి వేసిన రంగు కాదు. తెగులు రాకుండా పట్టించిన విషం మందు. అలాంటి పొట్లాన్ని పంటితో చింపకూడదు. మిగిలిన గింజలు కోళ్ళకు వేయకూడదు. చిన్న పిల్లలకు అందకుండా పెట్టాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

రమణమ్మ డబ్బు ఇచ్చి, "బిల్లు రాయన్నా" అంది.

"పది గ్రాముల గింజకు బిల్లా?"

"పది గ్రాములకే రాయి. లాట్ నంబరు కూడా వెయ్యి."

ఆంధ్రప్రదేశ్ రైతుల కేసుల్లో సుప్రీంకోర్టు 2012లో ఒక మాట తేల్చింది. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అంది. నష్టం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. అది జిల్లాలోనే ఉంటుంది. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు. కానీ బిల్లు, ఖాళీ పొట్లం, కొన్ని గింజలు చేతిలో ఉండాలి. అందుకే పొట్లం చింపి పారేయకూడదు. ఒక మూల కత్తిరించి, గింజలు తీసుకుని, పొట్లం దాచాలి.

తడిగుడ్డ పరీక్ష

ఇంటికి రాగానే రమణమ్మ అత్త పెంచలమ్మ గింజలు అరచేతిలో పోసుకుని చూసింది. "చెంబులో వెయ్యవే రమణా. మునిగినవి మంచివి. తేలినవి తాలు" అంది.

అది మంచి మాటే. తేలేవి చాలావరకు లోపల పప్పు లేనివి, పురుగు తిన్నవి. కానీ ముసలి గింజ కూడా మునుగుతుంది. మునిగిందల్లా మొలవదు.

రమణమ్మ ఒక పాత నూలు గుడ్డ తడిపి పిండింది. ఇరవై గింజలు ఎంచకుండా, చేతికి వచ్చినవి వచ్చినట్టు లెక్కపెట్టింది. మంచివే ఏరి వేస్తే పరీక్ష అబద్ధం చెబుతుంది. గింజలను గుడ్డ మీద దూరం దూరంగా పరిచి, గుడ్డ చుట్టి, నీడలో ఒక గిన్నెలో పెట్టింది. రోజూ రెండు పూటలా నీళ్ళు చిలకరించింది. నీళ్ళలో నానబెట్టలేదు. నానితే కుళ్ళిపోతాయి.

మూడు గుడ్డలు చుట్టింది. ఒకదానిలో కొట్లో కొన్న బెండ. ఒకదానిలో పోయిన ఏడాది సంతలో కొని, డబ్బాలో మిగిలిన బెండ. మూడోదానిలో అత్త దాచిన సొర గింజలు.

బెండకు, పాదులకు ఎనిమిది, పది రోజులు చూడాలి. వంగకు, మిరపకు రెండు వారాలు పడుతుంది.

పదో రోజు గుడ్డలు విప్పారు. వీధిలో ఆడవాళ్ళు నలుగురు చేరారు. తెల్లటి వేరు బాగా వచ్చిన గింజలనే లెక్కపెట్టారు. కొట్లో బెండ ఇరవైకి పదిహేను. సంత బెండ ఇరవైకి మూడు. అత్త సొర ఇరవైకి పద్దెనిమిది!

ఇరవై గింజలతో పరీక్ష చేస్తే లెక్క సులువు. మొలిచిన వాటిని ఐదుతో హెచ్చవేయాలి. 15 ఐదులు 75. 3 ఐదులు 15. 18 ఐదులు 90.

75 ఉంటే గుంటకు రెండు గింజలు చాలు. 50 ఉంటే గుంటకు మూడు నాలుగు పెట్టాలి. పొట్లం మీద రాసినదానికంటే బాగా తక్కువ వస్తే ఇంకోసారి పరీక్ష చేసి, బిల్లుతో కొట్టుకు పోవాలి. మండల వ్యవసాయ అధికారికి చెప్పాలి. సంత గింజలను మాత్రం రమణమ్మ పెంటకుప్పలో పోసింది.

అత్త గింజ

కొన్నదానికంటే అత్త గింజ ఎక్కువ మొలిచింది. ఎట్లా?

పెంచలమ్మ మంచి తీగను ముందే గుర్తు పెట్టుకుంటుంది. తెగులు లేని తీగ, బాగా కాసే తీగ. దాని తొలి కాయ వదలదు, చివరి కాయ వదలదు. నడికాపులో ఒక మంచి కాయకు గుడ్డపీలిక కడుతుంది. ఇక దాన్ని ఎవరూ కోయకూడదు. తీగ మీదే ఎండాలి. తొక్క గట్టిపడి, ఊపితే గింజలు గలగలమనాలి. అప్పుడు కోసి, గింజలు తీసి, నీడలో బాగా ఆరబెడుతుంది. పేడ ముద్దలో గింజలు గుచ్చి గోడకు కొడుతుంది. కొన్నిటిని బూడిద కలిపి సీసాలో పోసి మూత బిగిస్తుంది. బాగా ఆరడమే ఇందులో అసలు కిటుకు. గింజలో తేమ నూటికి ఒక పాలు తగ్గితే దాని ఆయుష్షు రెండింతలు అవుతుందని విత్తనాల నిపుణులు కూడా చెబుతారు.

ఇంకొకటి ఉంది. పెంచలమ్మ ఆ తీగ కాయలు వండేటప్పుడు ప్రతిసారీ చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూస్తుంది. చేదు తగిలితే ఉమ్మేస్తుంది. కాయ పారేస్తుంది. ఆ తీగ గింజ ఇక దాచదు. ఇది చాదస్తం కాదు. చేదు సొరకాయ విషం. తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ప్రాణం మీదికి వస్తుంది. వండినా ఆ విషం పోదు.

మంచి తీగ గింజకు చేదు ఎలా వస్తుంది? పాదుల పువ్వులకు పుప్పొడిని తేనెటీగలు మోస్తాయి. కంచె మీద చేదుబీర ఉంటే దాని పుప్పొడి మంచి బీర పువ్వుకు చేరుతుంది. ఈ ఏడాది కాయ తియ్యగానే ఉంటుంది. లోపలి గింజ మాత్రం చెడుతుంది. ఆ గింజ వేస్తే మరుసటి ఏడు చేదు కాయలు కాయవచ్చు. సొరకు సొరే, బీరకు బీరే కలుస్తుంది. పక్కపక్కన సొర, బీర పాదులు ఉంటే భయం లేదు.

"ఇదంతా నాకెందుకు చెప్పలేదు అత్తా?" అంది రమణమ్మ.

"నువ్వెప్పుడన్నా అడిగితివా? సంతకు పోయి కొనుక్కొస్తివి" అంది పెంచలమ్మ.

ఆ రాత్రి మబ్బు పట్టింది. మర్నాడు వాన పడింది. బెండ గుంటకు రెండు, సొర పాదుకు మూడు పెట్టారు. గింజ మందానికి రెండింతల లోతుకు మించి పెట్టలేదు. గట్టు వెంబడి తోటకూర, గోంగూర చల్లారు.

మిగిలిన గింజలు రమణమ్మ సీసాల్లో పోసి మూత బిగించింది. నోటు పుస్తకంలో కాగితం చించి, ఒక్కో సీసాకు ఒక్కో చీటీ రాసి అతికించింది. సొర గింజల సీసా మీద ఇలా రాసింది.

సొర. పెంచలమ్మ గింజ. 20కి 18.

పెంచలమ్మ సీసా చేతిలోకి తీసుకుంది. వెలుగుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇందులో నా పేరు ఎక్కడుందే?"

రమణమ్మ వేలు పెట్టి చూపించింది.