బర్మా అంటే దేశమా, పనిముట్టా?
(వడ్రంగపు మాటల్లో తప్పొప్పులు)

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. బి.ఎస్సీ. విద్యార్థిని, రైతు బిడ్డను. మరి ఈ వ్యాసం రాసే అర్హత ఎక్కడిదంటారా? ఒక ప్లైవుడ్ చెక్క పాడుచేసి సంపాదించుకున్నాను.

పోయిన ఎండాకాలం మా ఇంట్లో పుస్తకాల అల్మారా చేయడానికి వడ్ల కాక వచ్చాడు. "ఫ్లైవుడ్ తేవాలె బిడ్డా" అన్నాడు. నేను నవ్వి, "ఫ్లై అంటే ఈగ కాకా! ప్లై అనాలె. ప్లై అంటే పొర. పొరలు అతికిస్తరు కాబట్టి ప్లైవుడ్" అని పాఠం చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. "సరే, అరలకు ఆరు సూత్‌లది రాసుకో" అన్నాడు. నేను ఆరు మిల్లీమీటర్లని రాసుకున్నాను.

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆరు సూత్‌లంటే ముప్పావు అంగుళం, అనగా దాదాపు 19 మిల్లీమీటర్లు. నేను తెచ్చిన చెక్క మీద నాలుగు పుస్తకాలు పెడితే ఉయ్యాలలా వంగింది. దుకాణంలోనే కోయించి తెచ్చాను కనుక వాపసు తీసుకోలేదు. పత్తి అమ్మిన పైసలవి. నాయిన ఒక్క మాటా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. కాక మాత్రం, "నా మాట తప్పయినా చెక్క సరైందే వస్తుండె బిడ్డా. నీ మాట ఒప్పయినా చెక్క ఖరాబాయె" అన్నాడు.

ఆనాటి నుంచి ఈ మాటలు నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. నాకు అవి మూడు రకాలుగా కనిపించాయి.

1. పలుకు మారినా వస్తువు మారనివి: బాడిసను బాడిసె అన్నా, ద్వారబంధాన్ని దారబందం అన్నా పని ఆగదు. ఇవి తప్పులు కావు, ప్రాంతాల పలుకులు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువరించింది. మా రైతుల మాటలు అలా నిఘంటువుకెక్కాయి. అంతెందుకు, ఇంగ్లీషువారి 'టీక్' కూడా మలయాళంలోని 'తేక్కు' పోర్చుగీసువారి నోట 'తెకా' అయి, అక్కడి నుంచి చేరిన మాటే! పలుకు మారిందని చెట్టు మారలేదు.

2. పలుకు ఒకటై అర్థం వేరైనవి: బెజ్జం వేసే బరమాను చాలామంది 'బర్మా' అంటారు. బర్మా టేకులోని బర్మా మాత్రం దేశం. 1989 నుంచి దాని పేరు మయన్మార్. తలుపుకు వేసేది బందు, మన కాలేజీకి జరిగేది బంద్. వడ్ల కాక అంటే వడ్లు అమ్మేవాడు కాదు, వడ్రంగి. పైకప్పు మోసేది దూలం. 'ధూలం' అని రాస్తే ధూళి గుర్తొస్తుంది. ఇక్కడ రాత జాగ్రత్తగా ఉండాలి.

3. చదువుకున్నవాళ్లం చేసేవి: కథల మీద వ్యాసాల్లో "జీవితాన్ని చిత్రిక పట్టాడు" అని రాసి, బొమ్మ గీశాడని అర్థం చెప్పుకుంటాం. చిత్రిక పట్టడమంటే చెక్కను నున్నగా చేయడం. కాక 'రందా కొట్టుడు' అంటాడే, అదే. బొమ్మ గీయడం కాదు. ఇక ఇంగ్లీషు మాటలు: 'చీసెల్' కాదు, చిజెల్ (ఉలి). 'మోర్టైజ్' కాదు, మార్టిస్ (కొన దూర్చే బెజ్జం). 'వీనియర్' కాదు, వెనీర్ (పైన అతికించే పలుచని చెక్క పొర). మైటర్ అంటే రెండు చెక్కల్ని 45 డిగ్రీల వాలున కోసి మూల కలిపే అతుకు.

నాకు తెలిసిందొకటే. పలుకు తప్పితే నవ్వుకుని ఊరుకోవచ్చు. కొలత మాట తెలియకపోతే అడగాలి. అడగడానికి నామోషీ పడ్డాను, చెక్క పోగొట్టాను.

కాక ఆ చెక్కను పారేయలేదు. వడ్ల గుమ్మికి మూత చేశాడు. మా నాయిన దాన్ని ఇప్పటికీ 'బి.ఎస్సీ. మూత' అంటాడు.