చుట్టును బట్టి ప్రాప్

జూలూరుపాడు,
ఆదివారం.

చిరంజీవి అల్లుడికి,

పత్తి రెండో ఏరుడు నడుస్తోంది. కూలీలు దొరక్క మీ అత్తయ్య పొద్దుగూకేదాకా చేలోనే ఉంటోంది. నీ ఉత్తరం అందింది. 35 సైజు ఇంజన్ చేతికొచ్చిందనీ, సంక్రాంతి సెలవులకు తీగలతో పట్టుకుని చుట్టూ తిప్పే కంట్రోల్ లైన్ మోడల్ విమానం తెస్తాననీ రాశావు. సంతోషం. కానీ దాని ప్రాప్ (ప్రొపెల్లర్) సంగతి రాసిన పేరా చదివాక ఊరుకోలేకపోయాను. షాపాయన 10×7 వేసుకోమన్నాడా, స్పీడుగా పోతుందన్నాడా! స్పీడుతో నీకేం పని? నువ్వు కట్టింది రేసు విమానం కాదు. నాలుగు లూపులు కొట్టి, తలకిందులుగా ఓ చుట్టు తిప్పి, చెక్కుచెదరకుండా దింపాల్సిన స్పోర్ట్ మోడల్.

అందరూ ఇంజన్ సైజు చెప్పి ప్రాప్ అడుగుతారు. నువ్వు తీగల పొడవు దగ్గర మొదలుపెట్టు. నీ తీగలు 60 అడుగులన్నావు, అంటే 18.3 మీటర్లు. విమానం ఒక చుట్టు తిరిగితే 115 మీటర్లు. చుట్టుకు 5.2 సెకన్లు పడితే వేగం సెకనుకు 22 మీటర్లు. నీ విమానం 1.2 కిలోలనుకో, ఆ వేగంలో అది నీ చేతిని 3.2 కిలోల బలంతో లాగుతుంది. నెత్తి మీదికి వచ్చేసరికి ఆ లాగుడులోంచి విమానం బరువు 1.2 కిలోలు పోతుంది, రెండు కిలోలు మిగులుతాయి. తీగలు బిగువుగా ఉంటాయి, ఎలివేటర్ చెప్పిన మాట వింటుంది. అదే చుట్టుకు ఆరు సెకన్లు పడితే నెత్తి మీద మిగిలేది కిలోం పావు మాత్రమే. ఆ క్షణాన గాలి కొంచెం తిరగబడినా తీగ వదులవుతుంది, విమానం నీది కాకుండా పోతుంది. ఇటు 4.2 సెకన్లకు దించావా, లాగుడు ఐదు కిలోలవుతుంది. మణికట్టు నొప్పి సంగతి అటుంచు, నీలాంటి కొత్తవాడి బుర్ర ఆ చుట్టుతో పాటు తిరగలేదు. కాబట్టి నీకు కావలసింది 5.2, 5.4 సెకన్ల చుట్టు. ఆ చుట్టు ఇచ్చే ప్రాపే నీ ప్రాప్.

ఇక పిచ్ లెక్క. ప్రాప్ మీద 10×6 అని ఉంటే మొదటిది అంగుళాల్లో వ్యాసం. రెండోది పిచ్, అంటే జారకుండా కదిలితే ఒక్క తిరుగుడులో ముందుకు పోయే దూరం. 9,500 ఆర్‌పీఎంలో 6 అంగుళాల పిచ్ అంటే సెకనుకు 24 మీటర్లు. గాలిలో పదో వంతు జారుడు పోయిందనుకో, 22 దగ్గర ఆగుతుంది. సరిగ్గా మనకు కావలసిన చుట్టు. ఫాక్స్ 35 లాంటి పాత స్టంట్ ఇంజన్లకు 10×6 జోడీ ఊరికే కుదిరింది కాదు. లెవెల్‌గా పోయేటప్పుడు ఇంజన్ బరువుగా, దగ్గుతూ ఫోర్-స్ట్రోక్ మోత మోగుతుంది. ముక్కు పైకెత్తగానే గొంతు విప్పుకుని టూ-స్ట్రోక్‌లోకి వస్తుంది. కిందికి దిగేటప్పుడు మళ్లీ నెమ్మదిస్తుంది. ఈ పని ఇంజన్ ఒక్కటే చేయలేదు, సరైన ప్రాప్ బరువు దాని మీద ఉండాలి. ఈ కాలపు ఇంజన్లు ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం కోరతాయి. వాటికి పిచ్ 5కు తగ్గించి తిరగనివ్వడమే మేలు.

వ్యాసం మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. అదే ఆర్‌పీఎంలో పిచ్ 5 నుంచి 6కు పెంచితే ఇంజన్ మీద భారం ఐదో వంతు పెరుగుతుంది. వ్యాసం 10 నుంచి 11కు పెంచితే దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, ఎందుకంటే భారం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పిచ్‌లో అంగుళమూ వ్యాసంలో అంగుళమూ ఒకటే అనుకుని మార్చేవాళ్ల ఇంజన్లు ఎండాకాలం రాకముందే కాగిపోతాయి. మిగతా సైజులకు నేను మొదలుపెట్టేది ఇలా: 1.5 సీసీ డీజిల్‌కు 8×4, 2.5 సీసీకి 8×5 గానీ 9×4 గానీ, 6.5 సీసీకి 10×6, 7.5 సీసీకి 11×5. ఇవి గుమ్మం వరకే. ఆ తర్వాత స్టాప్‌వాచీతో పది చుట్లు కొలిచి, పదితో భాగించి, పిచ్ ఒక్కో అంగుళం మార్చుకుంటూ పోవాలి. రెండూ ఒకేసారి మార్చకు, దేనివల్ల ఏమైందో తెలియదు.

చెక్కదే ఎందుకన్నావు, నైలాన్‌ది విరగదు కదా అన్నావు. విరగకపోవడమే దాని లోపం. ముక్కు నేలకు తగిలితే చెక్క ప్రాప్ విరిగి దెబ్బ అక్కడితో ఆగుతుంది. నైలాన్‌దైతే ఆ దెబ్బ క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది. నీ ఇంజన్ విడిభాగాలు ఖమ్మంలోనూ దొరకవు, హైదరాబాద్‌లోనూ దొరకవు. ఇంకోటి, చెక్క తేలిక. తిరిగే ప్రాప్‌కు బొంగరం గుణం ఉంటుంది కదా, ముక్కు పైకెత్తితే విమానాన్ని బయటికి తిప్పుతుంది, అది మనకు మంచిదే. ముక్కు కిందికి నొక్కితే మాత్రం లోపలికి, నీ వైపుకు తిప్పుతుంది, తీగలు వదులవుతాయి. బయటి లూపుల్లో కొత్తవాళ్లు విమానం పోగొట్టుకోవడానికి ఇదొక కారణం. ప్రాప్ ఎంత తేలికైతే ఈ పోకడ అంత తక్కువ. పైగా నాసిరకం నైలాన్‌ది వేగం మీద మెలితిరిగి, డబ్బా మీద రాసిన పిచ్ ఒకటి, గాలిలో ఇచ్చేది ఒకటి అవుతుంది. చెక్క గట్టిగా నిలబడుతుంది.

షాపులో చేతికిచ్చింది తెచ్చుకోకు. జింగర్ లాంటి అమెరికా ప్రాపులు మేపుల్ చెక్కవి, మరికొన్ని కంపెనీలవి బీచ్. ఏదైనా సరే వెలుతురులో పట్టుకుని చారలు చూడు. మధ్య బెజ్జం నుంచి కొనదాకా చారలు బ్లేడు వెంట సూటిగా పోవాలి. సగంలో అంచు దాటి బయటికి పోతున్నాయంటే విరిగేది అక్కడే. ముడి ఉంటే పక్కన పెట్టెయ్. ఇంటికొచ్చాక అద్దం పలక మీద పెట్టి పిచ్ కొలువు. 10×6 అయితే మధ్య నుంచి 3.75 అంగుళాల దగ్గర, బ్లేడు వెనక వైపు చదును ప్రతి 20 మిల్లీమీటర్ల అడ్డానికి 5 మిల్లీమీటర్లు లేవాలి. రెండు బ్లేడ్లకూ ఒకటే రావాలి. ఒకటి 5, ఇంకోటి 4 చూపిస్తే ఎంత బాలెన్స్ చేసినా వణుకు పోదు. నేనైతే అలాంటిది వెనక్కిచ్చేస్తాను, గొడవపడైనా సరే.

బాలెన్స్ చేయడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. నిటారుగా నిలబెట్టిన రెండు బ్లేడు ముక్కల మీద, బెజ్జంలో బిగుతుగా పట్టే సన్నని కడ్డీ చాలు. బరువుగా దిగే బ్లేడును ముందు వైపు ఉప్పుకాగితంతో రుద్దు, పిచ్ ఉండే వెనక ముఖాన్ని ముట్టుకోకు. తేడా కొంచెమే అయితే తేలిక బ్లేడు కొనకు పూత ఒక పొర ఎక్కువ వెయ్యి. పూత అంటే గుర్తొచ్చింది, మీ వీధిలో వడ్రంగి వేసే లక్క పాలిష్ పనికిరాదు, ఇంధనంలోని మిథనాల్ తగలగానే కరిగిపోతుంది. టూ-ప్యాక్ పీయూ (పాలీయురిథేన్) పూత వెయ్యి. పూత లేకపోతే ఇంధనంలోని ఆముదం చెక్కలోకి ఇంకి, ఒక బ్లేడు ఎక్కువ తాగి, నువ్వు చేసిన బాలెన్స్ అంతా గంగలో కలుస్తుంది. కొనలకు అర అంగుళం పసుపు రంగు వెయ్యి, తిరిగేటప్పుడు వలయం కనబడుతుంది. వానాకాలం చెక్క ఉబ్బుతుంది, మన కొత్తగూడెం వైపు ఎండలకు మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే ఎగరేసే ప్రతి పొద్దున నట్టు బిగించి చూసుకో.

అడవి పక్కనే ఉన్నాం, టేకుతో మనమే చెక్కుకోలేమా అని అడుగుతావని తెలుసు. మొదటి మాట, అడవిలో కర్ర మీద చెయ్యి వేయొద్దు, టేకు జోలికి అసలే పోవద్దు, కేసవుతుంది. సామిల్లులో ముక్కలు కొనుక్కోవచ్చు. కానీ టేకు చార వెంట చీలే గుణం కలది. నిర్మల్, కొండపల్లి బొమ్మలు చేసే పొణికి మరీ మెత్తన. రబ్బరు బలంతో ఎగిరే విమానానికి పొణికి ప్రాప్ చెక్కుకో, నేనే బాడిస పట్టుకుని నేర్పిస్తాను. 1903లో రైట్ సోదరులు మూడు పొరల స్ప్రూస్ చెక్క అతికించి ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు చేత్తోనే చెక్కారు. నిజమే. కానీ వాళ్లవి నిమిషానికి కొన్ని వందల తిరుగుళ్లే తిరిగేవి. నీది 10,000. ఆ వేగంలో ఎనిమిది గ్రాముల ఒక్క బ్లేడు బరువు మధ్య నుంచి ఐదు సెంటీమీటర్ల దూరాన ఉందనుకుంటే, అది బయటికి లాగే బలం 45 కిలోలు, సరిగ్గా ఒక యూరియా బస్తా. కొన వేగం గంటకు 480 కిలోమీటర్లు. చెక్కడం రానివాడు చెక్కింది ఇంజన్‌కు తగిలించకూడదు.

అందుకే ఇంకో మాట. ప్రాప్ తిరిగే వలయానికి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు, ముఖ్యంగా చూడటానికి వచ్చే చిన్నపిల్లలు. వేలితో తిప్పకు, కర్రముక్కకు రబ్బరు గొట్టం తొడిగి దానితో తిప్పు. నీ దగ్గరున్న కలకత్తా అరోరా డీజిల్ తిప్పేటప్పుడు మరీ జాగ్రత్త, కంప్రెషన్ ఎక్కువైతే వెనక్కి తన్నుతుంది. చిన్న పగులు కనిపించిన ప్రాప్‌ను జిగురుతో అతికించకు. అప్పటికప్పుడు రెండుగా విరిచి పారెయ్, మరొకడు ఏరుకుని వాడకుండా.

చోటు సంగతి నేను చూశాను. కోసిన మడి చదునుగా కనబడుతుంది గానీ వరి కొయ్యకాళ్లకు ప్రాపులు చాలవు. పైగా మోటార్లకు పోయే 11 కేవీ లైను పక్కనే ఉంది. మన తీగలు ఇనుపవి, అక్కడ ఎగరేసే మాటే లేదు. స్కూలు గ్రౌండుకు చుట్టుపక్కల ఏ తీగా లేదు. హెడ్మాస్టరు గారిని అడిగాను, పండుగ సెలవుల్లో పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా వాడుకోమన్నారు. ఆ వేళకు గాలి కూడా ఉండదు. నీ ఎన్‌సిసి ఎయిర్ వింగ్ స్నేహితుల్లో వాయు సైనిక్ క్యాంపులో కంట్రోల్ లైన్ ఎగరేసినవాళ్లు ఎవరైనా ఉంటే వెంట తీసుకురా. లాంచింగ్‌కు ఒక మనిషి కావాలి, మీ అత్తయ్య చేలోంచి రాదు.

వచ్చేటప్పుడు 10×6 మూడు, 10×5 రెండు, 11×5 ఒకటి కొనుక్కురా, అన్నీ చెక్కవే. 11×5 కొనలు సమంగా కోసి పదిన్నరకు దించి, మళ్లీ బాలెన్స్ చేసి చూద్దాం. డబ్బులు అమ్మను అడగొద్దు, నేను పంపిస్తాను. షాపాయన 10×7 అంటే వద్దని చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య