శాకాహారమే కదా, మరి బరువెందుకు?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది జంషెడ్‌పూర్‌లోని సాక్చి. నా వయసు 42. మాంసం, గుడ్డు ముట్టను. ఏడాదిగా పాలు కూడా మానేసి ఓట్స్ పాలు, సోయా నగ్గెట్లు, మల్టీగ్రెయిన్ బిస్కెట్లు తీసుకుంటున్నాను. అయినా బరువు పెరుగుతున్నాను. ఎందుకంటారు?

జవాబు: నా అనుమానం ముందుగా బిస్కెట్ల మీదే. పాకెట్ వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ ఉంటే దాన్నే ముందు రాయాలని నిబంధన. మొదటి పేరు మైదా అయితే ముందువైపు ఏమని ఉన్నా నమ్మకండి.

మీరు తినే బిస్కెట్లు, నగ్గెట్లు బాగా ప్రాసెస్ చేసిన తిండే. 2019లో అమెరికాలో పరిశోధకుడు కెవిన్ హాల్ బృందం 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ఇంటివంట లాంటి తిండి పెట్టింది. వడ్డించిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండింట్లోనూ సమానమే. ఎంత తినాలన్నది వాళ్ల ఇష్టం. ప్రాసెస్ చేసిన తిండి పెట్టినప్పుడు రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలో పెరిగారు. తినే వేగమూ పెరిగింది. వాళ్లు శాకాహారులని కాదు గానీ, పెద్దగా నమలకుండా గొంతు దిగే తిండి ఎవరిచేతైనా ఎక్కువే తినిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లోనూ ఇలాంటివి బాగా తగ్గించమనే ఉంది.

మీ ఊళ్లో సత్తుకి (వేయించిన శనగల పిండికి) కొదవ లేదు. సాయంత్రం బిస్కెట్ల బదులు సత్తులో నీళ్లు, ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకుని తాగండి. నగ్గెట్ల స్థానంలో ఉడికించిన శనగలో, పెసరట్టో తినండి. పాలు మానేశారు కాబట్టి బి12 పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్ కూడా చూపించుకోండి.